కేదార్‌నాథ్‌లో గుర్రం ఎక్కే ముందు

వేసవి సెలవుల్లో అమ్మానాన్నల్ని కేదార్‌నాథ్ తీసుకెళ్లాలని టికెట్లు చేయించుకున్నవాళ్లు ఈపాటికి స్వెట్టర్లు, రెయిన్‌కోట్లు, మందులు సర్దుకుంటూ ఉంటారు. నడక మొదలయ్యే గౌరీకుండ్ నుంచి గుడి దాకా మీ పెద్దవాళ్లను మోసుకెళ్లే ప్రాణి గురించి కూడా ఇప్పుడే నాలుగు విషయాలు తెలుసుకోండి. మనం గుర్రం అంటాం గానీ అక్కడ చాలావరకు ఖచ్చర్లే, అంటే కంచర గాడిదలు.

గౌరీకుండ్ సుమారు 1,980 మీటర్ల ఎత్తున ఉంది, గుడి 3,583 మీటర్ల ఎత్తున. మధ్యలో పదహారు కిలోమీటర్ల పైచిలుకు ఎక్కుడు దారి. 2013 జూన్ వరదలో రాంబాడా దగ్గర పాత బాట కొట్టుకుపోయాక వేసిన దారి అంతకుముందు కన్నా పొడవు. మనకు ఊపిరి అందని చోట దానికీ అందదు, పైగా దాని వీపు మీద మనం ఉంటాం.

ముందు తేదీ చూసుకోండి. చలికాలమంతా మూసి ఉంచిన గుడి తలుపులు తెరిచిన మొదటి వారాల్లో జనం విరగబడతారు, పశువుల మీద పని కూడా అప్పుడే విపరీతంగా పడుతుంది. 2025 మే మొదట్లో రెండు రోజుల్లోనే 14 పశువులు చనిపోతే 24 గంటల పాటు గుర్రాల రాకపోకలు ఆపేశారు. అంతకుముందు ఆ జిల్లాలో గుర్రాలకు ఇన్‌ఫ్లుయెంజా కనబడింది. వీలైతే సెప్టెంబరు చివర్లోనో అక్టోబరులోనో వెళ్లండి. సెలవులు వేసవిలోనే ఉంటే మొదటి పదిహేను రోజులైనా వదిలేయండి.

పశువును ఎంచుకునే దగ్గర తొందరపడకండి. తెల్లవారుజామున చీకట్లో, చలిలో, అరుపుల మధ్య ఎవరో కళ్లెం మన చేతికిచ్చేస్తారు, మనం ఎక్కేస్తాం. నేనూ అమ్మను అలాగే ఎక్కించబోయాను. జీను కింద దుప్పటి కొంచెం పక్కకి జరిగి ఉంది. టార్చి వేసి చూస్తే మూపు మీద రూపాయి బిళ్లంత పుండు, పైన పసుపు అద్ది ఉంది. వేలు దగ్గరికి పోనిచ్చేసరికి దాని ఒళ్లంతా జలదరించింది. 'పురానా హై, కుఛ్ నహీ' (పాతదే, ఏం కాదు) అన్నాడు నడిపే కుర్రాడు. అమ్మ మాత్రం, 'దాని వీపు అట్లా ఉంటే నేనెట్లా కూర్చుంటాన్రా' అని వెనక్కి తిరిగింది. నాలుగు పశువుల తర్వాత ఒకాయన మేం అడగకముందే దుప్పటి ఎత్తి చూపించాడు. అమ్మ ఆయన ఖచ్చరే ఎక్కింది.

కాబట్టి దుప్పటి ఎత్తించి మూపు, వెన్ను, పొట్ట కింద పట్టీ ఒరుసుకునే చోటు చూడండి. పది అడుగులు నడిపించమనండి. అడుగు అడుగుకీ తల ఎగరేస్తుంటే కుంటుతోందన్నమాట. ముక్కు కారినా, దగ్గినా వద్దనండి. మెడ దగ్గర చర్మం గిల్లి వదిలితే వెంటనే సర్దుకోవాలి. మడత అలాగే నిలిచి ఉంటే ఒంట్లో నీళ్లు తక్కువైనట్టు. తెల్లవారుజామునే జీను కింద చెమటతో తడిసి ఉంటే అది రాత్రి పైకి వెళ్లొచ్చిన పశువు. 'ఆజ్ పహలా చక్కర్ హై?' (ఇవాళ ఇదే మొదటి రౌండా?) అని అడగండి. రోజుకు ఒక్క రౌండే అన్నది అక్కడి నిబంధన. కానీ నడిపేవాళ్లలో చాలామంది పశువు సొంతదారులు కారు. ట్రిప్పుకింత అని కూలి పుచ్చుకునేవాళ్లకు రెండో రౌండు ఆశ ఉంటుంది. వాళ్ల మీద కోపం పెట్టుకోకండి, అడగడం మాత్రం మానకండి.

బరువు సంగతి. సామాను మోసే పశువులకు 1965 నాటి కేంద్ర నిబంధనల్లో ఖచ్చర్‌కు 200 కిలోలు, పోనీకి, అంటే పొట్టి గుర్రానికి, 70 కిలోలే హద్దు. ఎనభై కిలోల మనిషి ఓ బ్యాగు తగిలించుకుని చిన్న పోనీ ఎక్కితే ఆ లెక్క ఎటు పోయినట్టు? బ్యాగులు గౌరీకుండ్‌లోనే పెట్టేసి ఒంటి మీది బట్టలతో బయల్దేరండి. అవే నిబంధనల్లో రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదనీ, మధ్యలో విశ్రాంతి లేకుండా వరుసగా ఐదు గంటలు దాటకూడదనీ కూడా ఉంది.

దారిలో అన్నిటికన్నా భయపడాల్సింది కడుపు శూలకు. గుర్రం జాతికి వాంతి చేసుకునే వీలుండదు, లోపలికి వెళ్లింది ముందుకే పోవాలి. ఎండు దాణా పెట్టి, నీళ్లు పట్టకుండా ఎక్కిస్తే పేగులు బిగుసుకుపోతాయి. మంచు కరిగిన నీళ్లు మరీ చల్లగా ఉంటే మూతి పెట్టి వెనక్కి తీసేస్తుంది. అందుకే దారిలో వేడినీళ్ల తొట్లు పెడుతుంటారు. దారిలో ఆగే భీంబలీలో, లించోలీలో మీరు టీ తాగేటప్పుడు దిగి తాగండి, దానికీ అక్కడే నీళ్లు పట్టించండి, పట్టీ కాస్త వదులు చేయించండి. ముందు కాలితో నేల గీరుతున్నా, తల తిప్పి డొక్క వైపు చూస్తున్నా, పడుకుని దొర్లబోతున్నా ఇక ఎక్కొద్దు. పశువైద్యుల కోసం 1962కి ఫోన్ చేయండి, దగ్గరలో ఉన్న పోలీసుకు చెప్పండి. 2023 జూన్‌లో ఆ దారిలోనే ఒక పశువు చేత బలవంతంగా పొగ తాగించిన వీడియో బయటికొచ్చింది, దాని మీద పోలీసు కేసు అయింది. అలాంటిది కంటపడితే చెవి ట్యాగు నంబరు ఫోటో తీసుకోండి.

దిగేటప్పుడు మోకాళ్లు సహకరిస్తే నడిచి దిగండి. పల్లంలో మన బరువంతా దాని ముందు కాళ్ల మీదే పడుతుంది. తడిసిన రాళ్ల మీద నాడాలు జారతాయి. చీకటి పడ్డాక ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, హోటల్ బుకింగ్ పోయినా సరే.

పైకి చేరాక డబ్బు ఇచ్చేసి గుడి వైపు పరుగెత్తకండి. జీను దించి, ఒళ్లు తుడిచి, దుప్పటి కప్పి, నీళ్లు పట్టే దాకా పక్కన నిలబడండి. నడిపించినతనికి అదనంగా ఏమన్నా ఇవ్వాలనుకుంటే అది పూర్తయ్యాక చేతిలో పెట్టండి.