ఇంగ్లీషు పఠన తరగతిని పరిశీలించడం ఎలా

తోటి ఉపాధ్యాయుల ఇంగ్లీషు పఠన తరగతిని చూడడానికి వెళ్ళినప్పుడు వెనుక బెంచీలో కాకుండా, పిల్లల ముఖాలూ పుస్తకం మీద వారి వేళ్ళూ కనిపించేలా పక్క గోడ దగ్గర కూర్చోవాలి. టీచరు ఏం చెప్పదలచుకున్నారో లెసన్ ప్లాన్‌లో ఎలాగూ ఉంటుంది. అది ఏ పిల్లవాడి దగ్గర ఆగిపోయిందో ఆ చోటునుంచే తెలుస్తుంది.

తరగతి అంతా ఒక్క గొంతుతో చదువుతున్నప్పుడు వేళ్ళను గమనించాలి. వేలు పేజీలో ఒకచోటే ఉండి నోరు మాత్రం ఆడుతూంటే ఆ బిడ్డ చదవడం లేదు, పక్కవారిని విని అంటోంది. అయినా అందరూ కలిసి చదవడాన్ని నేను తప్పుపట్టను; బిడియస్తులకు అది పెద్ద అండ.

ఒక్కొక్కరూ చదివేటప్పుడు ప్రతి తడబాటునూ ఉన్నదున్నట్టు రాసుకోవాలి. తెలుగును రాసినట్టే చదవడానికి అలవాటుపడ్డ పిల్లలకు, 26 అక్షరాలతో సుమారు 44 ధ్వనులను పలికించే ఇంగ్లీషు ఎదురైనప్పుడు వారు చేసే తప్పుల్లోనూ ఒక తర్కం ఉంటుంది. కోనసీమ లంక గ్రామమొకదానిలో, అయిదో తరగతి అమ్మాయి 'ఐలాండ్'ను 'ఇస్లాండ్' అని చదివింది. టీచరు సరిదిద్దకుండా కాసేపు ఆగి, "చుట్టూ నీళ్ళుండే నేలను మనం ఏమంటామమ్మా?" అని అడిగారు. "లంకండి" అంది. "ఆ మాటే ఇది. ఇందులో ఎస్ రాస్తాం గానీ పలకం" అని చెప్పి, వాక్యాన్ని మొదటినుంచి మళ్ళీ చదివించారు. ఆగడం, అర్థం మీదుగా మాటను చేర్చడం, తిరిగి చదివించడం: ఈ మూడింటినీ నేను విడివిడిగా రాసుకున్నాను. 'బుక్'ను 'బుక్కు' అంటే మాత్రం అది ఉచ్చారణ అలవాటే కనుక చదవడంలో తప్పుగా లెక్కించకూడదు.

ప్రశ్న అడిగాక టీచరు ఎన్ని సెకన్లు ఆగారో కూడా రాయాలి. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970ల్లో సైన్సు తరగతులను పరిశీలించి, ఉపాధ్యాయులు సాధారణంగా ఒక్క సెకనే ఆగుతున్నారనీ, మూడు సెకన్లకు మించి ఆగితే పిల్లల జవాబులు పొడవవుతున్నాయనీ చూపారు.

వీలైతే ఇద్దరు ముగ్గురి చేత 100 మాటల పేరా చదివించాలి. 95కి తగ్గకుండా సరిగ్గా చదివితే ఆ స్థాయి పుస్తకాన్ని సొంతంగా చదువుకోగలరు. 90 నుంచి 94 వరకైతే టీచరు తోడుండాలి. అంతకన్నా తగ్గితే తేలికైన పుస్తకం ఇవ్వాలి.

బడి వదిలాక, తీర్పు చెప్పకుండా, "ఆ పాప దగ్గర ఎందుకు ఆగారండి?" అని అడగాలి. పిల్లల పేర్లకు బదులు వరుస సంఖ్యలు వేసిన పరిశీలన కాగితాన్ని ఆ రోజే ఆ టీచరుకు ఇచ్చి రావాలి.