మూడొందల మెసేజీల తర్వాత నోరు విప్పేముందు

రాత్రి పడుకునేసరికి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు ప్రశాంతంగానే ఉంది. పొద్దున లేచి చూస్తే 312 మెసేజీలు. ఏప్రిల్ నెల, బోరు ఎండిపోయింది, ట్యాంకర్ల ఖర్చు ఫ్లాటుకింతని సమానంగా వేయాలా, చదరపు అడుగుల లెక్కన వేయాలా అని రాత్రి తొమ్మిదింటికి ఎవరో అడిగారు, ఇక అక్కణ్నుంచి మొదలు. మాది ఇద్దరమే ఉండే చిన్న ఫ్లాటు, నాకు ఒళ్లు మండింది. టీ కూడా తాగకుండా పైనున్న నాలుగో మెసేజీకి పది లైన్ల జవాబు కొట్టి పంపాను. ఆ మాట అన్నాయన అరవయ్యో మెసేజీలోనే సారీ చెప్పేశారట. నూట ఎనభై దగ్గర లెక్క కూడా తేలిపోయిందట, ఇప్పుడు నడుస్తున్నది నీటి మీటర్ల సంగతట. ఆరిపోయిన పొయ్యిని మళ్లీ రాజేసి కూర్చున్నాను.

రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినవాడు కనీసం వినైనా విన్నాడు, నేను అదీ లేదు.

అలాగని మూడొందలూ చదవక్కర్లేదు. కింది నుంచి మొదలుపెట్టండి. చివరి ముప్పై మెసేజీలు చూస్తే మాట ఇప్పుడెక్కడుందో తెలుస్తుంది, ఆ తర్వాత పైకెళ్లి అసలు ప్రశ్న ఏమిటో చూడండి. మధ్యలో ఎవరైనా పాత మెసేజీని పట్టుకుని జవాబిచ్చి ఉంటే ఆ కోట్ మీద నొక్కండి, నేరుగా అక్కడికే తీసుకెళ్తుంది. పైన పిన్ చేసిందేమైనా ఉందేమో కూడా చూడండి, అడ్మిన్ గారు పాపం ఆ పని చేసేది మనలాంటివాళ్ల కోసమే. ఇక మీరు అడగబోయేది ఇప్పటికే ఎవరైనా అడిగారేమో అన్నది సెర్చ్‌లో 'మీటర్' అని కొడితే అర నిమిషంలో తేలుతుంది, కాకపోతే మన గ్రూపుల్లో సగం మంది తెలుగు అక్షరాల్లో, సగం మంది ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తారు కాబట్టి రెండు రకాలుగానూ వెతకాలి. ఇంగ్లిషు అక్షరాల్లో కళ్లు, కల్లు, కాళ్లు మూడూ ఒకేలా కనిపిస్తాయి కనుక, ఎవరి మాటైనా తేడాగా అనిపిస్తే కోపం తెచ్చుకునేముందు ఇంకోసారి చదవండి.

ఇప్పుడు రాయండి. ఏ మాటకు జవాబో ఆ మెసేజీని పట్టుకునే రాయండి, లేకపోతే మీ "అదేం కుదరదండీ" ఎవరికి తగులుతుందో చెప్పలేం. "కొంతమంది ఉన్నారు, వాళ్లకి చెప్పినా అర్థం కాదు" అనే వాక్యం మాత్రం వద్దు, గ్రూపులో ప్రతివాళ్లూ అది తమనే అనుకుంటారు. 302 గారితో పేచీ ఉంటే "302 గారూ, మీరన్నదాంట్లో ఈ ఒక్కటి నాకు సరిపడలేదండీ" అంటే సరిపోతుంది. చెప్పేదంతా ఒక్క మెసేజీలో చెప్పండి, "సార్" అని ఒకటి, "ఒక్క మాట" అని ఒకటి, "అదేంటంటే" అని ఇంకొకటి పంపితే అన్ని ఫోన్లూ మూడుసార్లు మోగుతాయి. నాలుగు నిమిషాల వాయిస్ మెసేజీ ఇంకా ఘోరం, బస్సులో ఉన్నవాళ్లు ఎలా వింటారు? ఒప్పుకుంటున్నానని చెప్పడానికైతే ఆ మెసేజీనే నొక్కిపట్టి దాని మీద పెట్టే బొటనవేలి గుర్తు చాలు, దాని నోటిఫికేషన్ ఆ మెసేజీ రాసినవాళ్లకే వెళ్తుంది.

అంకె చెప్తున్నారంటే ఎక్కణ్నుంచి తెచ్చారో కూడా చెప్పండి. మా గ్రూపులో ఏటా ఒకసారి "మెయింటెనెన్స్ మీద 18 శాతం జీఎస్టీ" అని ఒక ఫార్వర్డ్ వచ్చిపడుతుంది, గంటసేపు అందరికీ టెన్షన్. నెలకు ఫ్లాటుకు 7,500 రూపాయలు దాటాలి, అసోసియేషన్ ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటాలి, రెండూ ఉంటేనే అది. మాది మొదటి గీతకే దూరం. మెసేజీ మీద జంట బాణాలు కనబడ్డాయంటే అది అప్పటికే చాలా చేతులు మారి వచ్చిందని, వాదనలో దాన్ని సాక్ష్యంగా తేకండి.

తప్పు రాశారా, 15 నిమిషాల్లోపు ఎడిట్ చేసుకోవచ్చు, కానీ అప్పటికే ఎవరైనా జవాబిచ్చి ఉంటే మాట మార్చకండి, వాళ్లు పిచ్చివాళ్లలా కనిపిస్తారు. డిలీట్ చేస్తే ఇంకా గొడవ, ఏం రాశారో ఏమో అని ఊహలు మొదలవుతాయి. "పొరపాటుగా అన్నానండీ" అని కింద ఇంకో లైను రాసేయడం తేలిక. నేనూ ఆ రోజు అదే చేశాను, కాస్త ఆలస్యంగా.

ఇద్దరే వాదించుకుంటూ మిగతావాళ్లు చూస్తూ కూర్చున్న దశలో మాత్రం మూడోవాళ్లుగా దూరకండి, మీకు తెలిసినాయనైతే ప్రైవేటుగా ఒక మాట చెప్పండి. అప్పటికీ ఆగకపోతే అడ్మిన్ గ్రూపుకు తాళం వేసేస్తారు. ఆదివారం సెల్లార్‌లో కుర్చీలు వేస్తారు, ఏమన్నా మిగిలితే అక్కడ చెప్పుకోవచ్చు, టీ కూడా ఇస్తారు.