లోపలి థర్మోకపుల్ రీడింగుల నుంచి ఉపరితల ఉష్ణ అభివాహాన్ని రాబట్టే విధానం

కాలిన ఉక్కు పలకపై నీటిధార పడుతున్నప్పుడు ఆ తలం నుంచి ఎంత వేడి పోతోందో నేరుగా కొలవడం కష్టం, ఎందుకంటే అక్కడ అమర్చిన థర్మోకపుల్ (ఉష్ణోగ్రతను కొలిచే తీగల సెన్సర్) నీటి ప్రవాహాన్నే మార్చేస్తుంది. అందువల్ల వెనుకవైపు నుంచి రంధ్రం చేసి, తలానికి కొన్ని మిల్లీమీటర్ల లోపల ఉష్ణోగ్రతను కొలిచి, దాని నుంచి తలం మీది అభివాహాన్ని, అంటే యూనిట్ వైశాల్యం గుండా సెకనుకు పోయే వేడిని, వెనక్కి లెక్కగడతారు.

ప్రోగ్రాం రాయడానికి ముందే కాగితం మీద ఒక లెక్క వేయాలి. స్టెయిన్‌లెస్ స్టీలు ఉష్ణ విసరణ గుణకం (వేడి పదార్థంలో ఎంత త్వరగా వ్యాపిస్తుందో చెప్పే సంఖ్య) సెకనుకు సుమారు 4 చదరపు మిల్లీమీటర్లు. తలం ఉష్ణోగ్రత సెకనుకొకసారి 10 డిగ్రీల మేర ఊగుతోందనుకుంటే, 2 మి.మీ. లోతులో ఆ ఊగు 1.7 డిగ్రీలుగా మిగులుతుంది, 5 మి.మీ. లోతుకు చేరేసరికి 0.12 డిగ్రీలకు పడిపోతుంది. కొలతలో నాయిస్ (యాదృచ్ఛిక దోషం) 0.2 డిగ్రీలుంటే, 5 మి.మీ. దగ్గర పోయిన ఆ సమాచారాన్ని ఏ అల్గారిథమూ తిరిగి తేలేదు. సెన్సర్‌ను తలానికి దగ్గరగా పెట్టడంపై పడ్డ శ్రమ, తర్వాత గణితంపై పడే శ్రమకన్నా ఎక్కువ ఫలితమిస్తుందని నా దృఢమైన అభిప్రాయం.

మొదట అనులోమ సమస్యకు, అంటే అభివాహం తెలిస్తే లోపలి ఉష్ణోగ్రతను కనుక్కోవడానికి, ఏకమితీయ సాల్వర్ రాయండి. ఉష్ణ సమీకరణాన్ని చిన్న చిన్న కాలాంతరాలుగా విడగొట్టి సాధించే క్రాంక్-నికల్సన్ పద్ధతి చాలు. పలక వెనుక తలం దగ్గర ఏం జరుగుతోందో తెలిసి ఉండాలి కనుక దాన్ని ఇన్సులేట్ చేయండి, లేదా అక్కడ రెండో థర్మోకపుల్ పెట్టండి. పదార్థ ధర్మాలు స్థిరమనుకుంటే సమస్య రేఖీయమవుతుంది: మొదటి కాలాంతరంలో మాత్రమే ఒక యూనిట్ అభివాహం ఇచ్చి, సెన్సర్ దగ్గరి స్పందనను నమోదు చేసి, దాన్ని ఒక్కొక్క అంతరం చొప్పున కిందికి జరుపుతూ పోతే దిగువ త్రిభుజ మాత్రిక (వికర్ణానికి పైన అన్నీ సున్నాలుండేది) తయారవుతుంది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. అనులోమ సమస్యలో కాలాంతరం తగ్గించేకొద్దీ ఖచ్చితత్వం పెరుగుతుంది. విలోమ సమస్యలో, అంటే ఉష్ణోగ్రత నుంచి అభివాహాన్ని రాబట్టేటప్పుడు, అలా తగ్గిస్తే ఫలితం చెడుతుంది. 5 మి.మీ. లోతుకు 0.1 సెకనులో చేరే స్పందన దాదాపు సున్నా, మాత్రిక వికర్ణంపై ఉండేది ఆ సంఖ్యే. రీడింగులకు అచ్చంగా సరిపోయేలా అంచెలంచెలుగా సాధిస్తే ప్రతిసారీ ఆ చిన్న సంఖ్యతో భాగించాల్సి వస్తుంది, దాంతో నాయిస్ కొండంత పెరిగి అభివాహం అర్థంలేని ఊగిసలాటగా మారుతుంది.

దీనికి రెండు మందులున్నాయి. 1963లో టిఖొనోవ్ ప్రతిపాదించిన రెగ్యులరైజేషన్‌లో, శేషాల (కొలిచిన, లెక్కించిన ఉష్ణోగ్రతల తేడాల) వర్గాల మొత్తానికి, అభివాహంలోని ఎగుడుదిగుళ్ల వర్గాల మొత్తాన్ని లాంబ్డా అనే సంఖ్యతో గుణించి కలిపి, ఆ మొత్తాన్ని కనిష్ఠం చేస్తాం. బెక్ పద్ధతిలో రాబోయే కొన్ని అంతరాలపాటు అభివాహం మారదని తాత్కాలికంగా అనుకుని, ఆ రీడింగులన్నిటికీ కనిష్ఠ వర్గాలతో సరిపోల్చి, మొదటి అంతరం విలువను మాత్రమే ఉంచుకుని ముందుకు సాగుతాం. రికార్డింగ్ మొత్తం చేతిలో ఉంటే మొదటిది, పరీక్ష నడుస్తుండగానే ఫలితం కావాలంటే రెండోది మేలు.

లాంబ్డాను కంటికి నచ్చినట్టు ఎంచుకోకండి. వేడి చేయడానికి ముందు పలక నిలకడగా ఉన్నప్పుడు రెండు నిమిషాలు రీడింగులు తీసుకుంటే వాటి ప్రామాణిక విచలనమే మీ నాయిస్. శేషాల ఆర్‌ఎంఎస్ (వర్గాల సగటుకు వర్గమూలం) విలువ ఆ సంఖ్యకు సమానమయ్యే లాంబ్డా దగ్గర ఆగాలి; ఇది మొరోజోవ్ సూత్రం. శేషం అంతకన్నా తగ్గిందంటే మీ అభివాహం నాయిస్‌ను అనుకరిస్తోందన్నమాట.

అసలు డేటాకు ముందు, తెలిసిన త్రిభుజాకార అభివాహంతో కృత్రిమ రీడింగులు తయారుచేసి, నాయిస్ కలిపి పరీక్షించండి. అయితే వాటిని, పలకనూ కాలాన్నీ ముక్కలుగా విడగొడుతూ సాధనకు వాడే గ్రిడ్‌తో కాకుండా మరింత సన్నని గ్రిడ్‌తో తయారుచేయాలి, లేకపోతే గ్రిడ్ దోషాలు రెండువైపులా రద్దయి ఫలితం ఉన్నదానికన్నా బాగా కనిపిస్తుంది.

అసలు డేటాతో లెక్కించేటప్పుడు, సెన్సర్ లోతు 5 మి.మీ. అయితే, ఆ కొలతలో పొరపాటు ఫలితాన్ని ఎంత మారుస్తుందో తెలిసేలా లోతును 4.5, 5.5 మి.మీ.గా కూడా తీసుకుని మళ్లీ సాధించి, మూడు వక్రాలనూ ఒకే గ్రాఫులో చూపండి. 5 మి.మీ. లోతుకు తలం కబురు పూర్తిగా చేరడానికి ఆరు సెకన్ల మేర పడుతుంది కాబట్టి నీరు ఆపాక కూడా కనీసం అంతసేపు రికార్డింగ్ కొనసాగించి, చివరి భాగంలోని అభివాహ విలువలను నివేదికలో చేర్చకండి.