డిడ్ తర్వాత వెంట్ రాదు: ఇంగ్లీషులో మనం తరచూ చేసే తప్పులు

ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళ నోట కూడా ‘ఐ డిడ్ నాట్ వెంట్’ అని వచ్చేస్తుంటది. జరిగిపోయింది అని చెప్పే పని ‘డిడ్’ ఒక్కటే చేసేస్తది కదా, ఇంక దాని తర్వాత వెర్బ్ మామూలుగానే ఉండాలి, ‘ఐ డిడ్ నాట్ గో’. ప్రశ్న అడిగినా అంతే, ‘డిడ్ యూ సీ’ అనాలి, ‘డిడ్ యూ సా’ కాదు.

నాకు తెలిసి అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది సిన్స్, ఫర్. మనం ‘రెండేళ్ళ నుంచి’ అంటాం, ‘2020 నుంచి’ అని కూడా అంటాం, రెండిటికీ ఒకటే ‘నుంచి’, అందుకే ‘సిన్స్ టూ ఇయర్స్’ అని వచ్చేస్తది. ఎంత కాలమో చెప్తే ఫర్, ఎప్పుడు మొదలైందో చెప్తే సిన్స్. ఇంకోటి, ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ 2020’ కూడా తప్పే, అప్పట్నుంచి ఇప్పటిదాకా సాగుతున్న పని కాబట్టి ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ సిన్స్ 2020’ అనాలి.

‘డిస్కస్ అబౌట్’ వద్దు, డిస్కస్ అంటేనే దాని గురించి మాట్లాడుకోవడం. ‘రిటర్న్ బ్యాక్’ కూడా అంతే. ‘వన్ ఆఫ్ మై’ తర్వాత ఫ్రెండ్ కాదు, ఫ్రెండ్స్.

అన్నీ ఒకేసారి సరిచేసుకోవాలని చూడొద్దు ప్లీజ్, భయమేసి మాట్లాడటమే మానేస్తారు. ఈ వారం డిడ్ ఒక్కటే పట్టుకోండి, మెయిల్ పంపే ముందు పైకి చదివి డిడ్ కనపడిన ప్రతిచోటా పక్కన వెర్బ్ చూసుకోండి, వచ్చే వారం సిన్స్ సంగతి చూద్దురుగాని.