సీతాఫలం కోసే ముందు కళ్లు చూడండి
దసరాకు వరంగల్ వచ్చి, తెలిసినవాళ్ల తోటలో సీతాఫలాలు కోసుకునేవాళ్లు సైజు చూసి మోసపోకండి. కాయ మీది కళ్లు విచ్చుకుని, వాటి మధ్య గీతలు తెల్లగానో లేత పసుపుగానో కనిపిస్తేనే కోయాలి. కళ్లు దగ్గర దగ్గరగా, ముదురు పచ్చగా ఉన్న లేతకాయ సరిగా పండదు, నల్లబడి గట్టిపడుతుంది. పోయినేడు సంచి నిండా అలాంటివే తెచ్చి మా అత్తమ్మతో తిట్లు తిన్నాను. లాగకుండా, కాస్త తొడిమ ఉంచి కత్తిరించండి. ఇంటికొచ్చాక బియ్యం డబ్బాలోనో గడ్డిలోనో పెడితే 2, 3 రోజుల్లో మెత్తబడతాయి. పండకముందు ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. చెట్టు మీదే పండింది దొరికిందా, అక్కడే తినేయండి. ఇల్లు చేరేలోపు సంచిలో చితికిపోతుంది.