అరవైల ఆల్బమ్‌లు ఇయర్‌ఫోన్స్‌లో వింటున్నారా?

1960ల చివరి రాక్ ఆల్బమ్‌లు మళ్లీ వింటుంటే గొంతు ఒక చెవిలో, డ్రమ్స్ ఇంకో చెవిలో పడి చిరాకేస్తోందా? ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి 'మోనో ఆడియో' ఆన్ చేయండి. రెండు చెవుల్లోనూ ఒకేలా వినిపిస్తుంది.

అప్పట్లోనే అన్ని శబ్దాలనూ ఒకటిగా కలిపి చేసిన అసలు మోనో మిక్స్ దొరికితే మాత్రం అదే వినాలి. బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్స్' (1967) మోనో మిక్స్‌ని బృందం దగ్గరుండి చేయించుకుంది. శబ్దాల్ని రెండు చెవులకూ వేర్వేరుగా పంచే స్టీరియో మిక్స్ వాళ్లు లేకుండానే అయిపోయింది. 'షీజ్ లీవింగ్ హోమ్' మోనోలో కాస్త వేగంగా నడుస్తుంది, నాకైతే అలాగే ఇష్టం. ఈ మోనో మిక్స్‌లు 2009లో సీడీల సెట్‌గా వచ్చాయి.

బీటిల్స్‌దే 'యాబీ రోడ్' (1969)కి ఈ మోనోనా స్టీరియోనా అనే గొడవ లేదు, దాన్ని స్టీరియోకే మిక్స్ చేశారు. అక్కడ షఫుల్ తీసేయండి చాలు, అసలు రికార్డులో రెండో వైపున్న పాటలు ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి వెళ్తాయి.