ఇంటర్‌లో జనరల్ గ్రూపు ఎంచుకుని ప్రవేశం పొందడం ఎలా?

పదో తరగతి ఫలితాలు రాగానే చాలా ఇళ్లలో ముందు కాలేజీ పేరు ఖరారవుతుంది, గ్రూపు సంగతి ఆ తరువాత చూస్తారు. ఈ వరుస తిరగబడాలి. తెలంగాణ జూనియర్ కళాశాలల్లో ఒకేషనల్ కోర్సులను పక్కన పెడితే, ఎక్కువ మంది చేరే రెండేళ్ల జనరల్ కోర్సులు ఎంపీసీ (గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు), బైపీసీ (జీవ, భౌతిక, రసాయన శాస్త్రాలు), ఎంఈసీ (గణితం, అర్థశాస్త్రం, వాణిజ్యం), సీఈసీ (పౌరశాస్త్రం, అర్థశాస్త్రం, వాణిజ్యం), హెచ్‌ఈసీ (చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం). అన్నింటిలోనూ ఇంగ్లిషు, ద్వితీయ భాష ఉంటాయి. తేడా అంతా ఐచ్ఛిక విషయాల్లోనే.

మొదట, ఇంటర్ తరువాత చదవదలచిన డిగ్రీ నుంచి వెనక్కి లెక్క వేసుకోవాలి. ఇంజినీరింగుకు గణితం, భౌతికశాస్త్రం కావాలి. వైద్యవిద్య ప్రవేశ పరీక్ష నీట్ రాయడానికి జీవశాస్త్రం కావాలి. బీఫార్మసీకి ఎంపీసీ వారూ, బైపీసీ వారూ అర్హులే. చార్టర్డ్ అకౌంటెన్సీలో తొలి మెట్టయిన సీఏ ఫౌండేషన్‌కు ఏ గ్రూపు వారైనా వెళ్లవచ్చు. ఎంపీసీ చదివినవారు తరువాత బీకాంలోనో బీఏలోనో చేరగలరు గాని, సీఈసీ చదివినవారు బీటెక్ వైపు రాలేరు. గణితాన్ని వదులుకునే ముందు తప్పక తూచుకోవలసిన విషయం ఇదే. లెక్కలంటే భయంతో బైపీసీలో చేరేవారికి భౌతికశాస్త్రంలో ఆ లెక్కలే మళ్లీ ఎదురవుతాయని కూడా ముందే చెప్పాలి. నా దృష్టిలో తగినంత ఆదరణకు నోచుకోని గ్రూపు ఎంఈసీ: వాణిజ్యం, అర్థశాస్త్రంతో పాటు గణితమూ చేతిలో ఉంటుంది కనుక, ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బీఏ ఆనర్స్ అర్థశాస్త్రం వంటి గణితం అడిగే కోర్సులకూ దారి మూసుకుపోదు.

తరువాత మార్కుల విభజన తెలుసుకోవాలి. చాలాకాలంగా నడిచిన పద్ధతిలో మొత్తం 1000 మార్కులు. ఎంపీసీలో మొదటి ఏడాది 470, రెండో ఏడాది 530; బైపీసీలో నాలుగు ప్రాక్టికల్స్ వల్ల అవి 440, 560 అవుతాయి; ఆర్ట్స్ గ్రూపుల్లో ఏటా 500. ఈ విభజనలో మార్పులు వస్తుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి గణితం ఏ, బీ పేపర్లను ఒకటిగా కలిపారు. అందువల్ల అన్నయ్య చదివిన నాటి లెక్కను నమ్ముకోకుండా, చేరే ఏడాది ఇంటర్మీడియట్ బోర్డు వెబ్‌సైటులో చూసుకోవడం మేలు.

ద్వితీయ భాషను మార్కుల కోసమే ఎంచుకోవడం అలవాటైపోయింది. తెలుగు బాగా చదివే పిల్లలను కూడా సంస్కృతంలో చేర్పిస్తున్నారు. ఇష్టం ఉంటే సరే గాని, లేనప్పుడు ఇంట్లో మాట్లాడే భాషను వదులుకోవలసిన అవసరం లేదు.

గ్రూపు తేలాక కాలేజీకి స్వయంగా వెళ్లాలి. ఆ ఏడాదికి బోర్డు గుర్తింపు పొందిన కాలేజీల జాబితాలో దాని పేరు ఉందో లేదో ముందే చూసుకుని, మీ గ్రూపుకు, మీ మాధ్యమానికి అనుమతి ఉందా, ప్రయోగశాలలు నిజంగా నడుస్తున్నాయా, ప్రతి విషయానికీ అధ్యాపకుడు ఉన్నారా అని అడగాలి. ఒక సెక్షనుకు బోర్డు పరిమితి 88 మంది. తరగతి గదిలోకి తొంగి చూస్తే అసలు సంగతి తెలిసిపోతుంది. ప్రవేశానికి రాత పరీక్ష పెట్టకూడదని, పదో తరగతి ప్రతిభ ఆధారంగానే తీసుకోవాలని బోర్డు నిబంధన. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ట్యూషన్ ఫీజు ఉండదు, పాఠ్యపుస్తకాలు ఉచితంగా ఇస్తారు.

దరఖాస్తుతో పాటు పదో తరగతి మెమో, టీసీ, ఆధార్, బోనఫైడ్ పత్రాలు, రిజర్వేషన్ లేదా ఉపకార వేతనం కోరేవారైతే కుల, ఆదాయ ధ్రువపత్రాలు సిద్ధంగా ఉంచుకోవాలి. అసలు పత్రాలు ఇచ్చేటప్పుడు రసీదు అడగడానికి మొహమాటపడవద్దు, ఎందుకంటే కాలేజీ మారదలచుకున్నప్పుడు పేచీ సాధారణంగా అక్కడే మొదలవుతుంది. నాలుగైదు జతల నకళ్లు ఇంట్లో ఉంచుకోవాలి.

చేరిన తరువాత కాలేజీ బోర్డుకు పంపే వివరాల్లో పేరు, గ్రూపు, మాధ్యమం, ద్వితీయ భాష సరిగా నమోదయ్యాయో లేదో మొదటి నెలల్లోనే చూసుకోవాలి. హాల్‌టికెట్ చేతికొచ్చాక ద్వితీయ భాష తప్పుగా పడిందని తెలిస్తే, చదువుకోవలసిన రోజులు కార్యాలయాల చుట్టూ తిరగడానికే సరిపోతాయి.